డేటాబేస్‌లో డబ్బు లెక్క పైసా తేడా రాకుండా ఉంచడం ఎలా

మీరు బేగం బజార్‌లో హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నా, మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని పేమెంట్స్ యాప్ రాస్తున్నా, నెలాఖరున అకౌంట్స్ వాళ్ల నుంచి వచ్చే ఫోన్ మాత్రం ఒకేలా ఉంటుంది. "బాబూ, మూడు పైసలు తేడా వస్తోంది, ఎక్కడో చూడు." పావలా బిళ్లే 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయింది, మూడు పైసలకి ఇంత టెన్షనా అనిపిస్తుంది. కానీ మూడు పైసలు ఎక్కడ పోయాయో చెప్పలేని సిస్టమ్‌లో మూడు వేలు పోయినా ఎవరూ చెప్పలేరు, అకౌంటెంట్ పట్టుకు కూర్చునేది అందుకే.

దీని గురించి ఎవర్నడిగినా "డెసిమల్ వాడు" (దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే కాలమ్ టైపు) అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తారు. అది సగం సమాధానమే, పైగా తేలికైన సగం. కాలమ్ టైపు మార్చడం ఎంతసేపు? ఎక్కడ రౌండ్ చేయాలి, ఎన్నిసార్లు చేయాలి, ఏ పద్ధతిలో చేయాలి అన్నదే అసలు తలనొప్పి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు రెండూ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మిగతావి సందర్భం వచ్చినప్పుడు చెప్తాను.

1. ముందు ఫ్లోట్, డబుల్ తీసేయండి

బ్రౌజర్ కన్సోల్ తెరిచి 0.1 కి 0.2 కలపండి. 0.30000000000000004 వస్తుంది. 1.005 ని 100 తో గుణించండి. 100.49999999999999 వస్తుంది. ఇది జావాస్క్రిప్ట్ తప్పు కాదు. దశాంశ అంకెలకి వాడే ఫ్లోట్, దానికి రెట్టింపు చోటున్న డబుల్, రెండింటినీ కంప్యూటర్ రెండు ఆధారంగా దాచుకుంటుంది, అందులో పదో వంతు అనేది ఎప్పటికీ పూర్తిగా ఇమడదు, మనం పదిని మూడుతో భాగిస్తే 3.333 అంటూ సాగిపోయినట్టు. దగ్గర్లో ఉన్న ఇంకో అంకెని దాచుకుని, మీకు చూపించేటప్పుడు మాత్రం శుభ్రంగా 0.1 అని చూపిస్తుంది. "నా టేబుల్‌లో 499.99 అనే కనిపిస్తోంది కదా" అని వాదించేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఫ్లోట్ అయితే ఇంకా ఘోరం, అందులో దాదాపు ఏడు అంకెలకే నమ్మకం. 12,34,567.89 రూపాయలు అందులో పెడితే లోపల దాచుకునేది 12,34,567.875. రూ. 1,67,77,217 పెడితే 1,67,77,216 అవుతుంది, పైసలు కాదు ఏకంగా రూపాయే పోయింది. డబుల్‌లో ఇంత తొందరగా బయటపడదు. అందుకే అది ఎక్కువ ప్రమాదం, టెస్టింగ్‌లో అంతా బాగుండి, సరిగ్గా అర పైస దగ్గర నిలబడిన మొత్తాలు వచ్చినప్పుడు తప్పుతుంది. 1.005 అని మీరనుకున్నది లోపల 1.005 కంటే పిసరంత తక్కువ, కాబట్టి రౌండ్ చేస్తే 1.01 రాదు, 1.00 వస్తుంది.

2. డెసిమలా, పైసల్లో పూర్ణాంకమా, ఒకటి తేల్చుకోండి

రెండు దారులున్నాయి, రెండూ మంచివే. ఒకే డేటాబేస్‌లో రెండూ కలపడమే మంచిది కాదు.

డెసిమల్ దారి పట్టుకుంటే సైజు జాగ్రత్తగా చూడండి. డెసిమల్(10,2) అంటే మొత్తం పది అంకెలు, అందులో రెండు పైసలకి పోతాయి, మిగిలిన ఎనిమిదిలో పది కోట్లకి ఒక పైస తక్కువ వరకే పడుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది, అలాంటి డీల్‌ని మీ టేబుల్ మోయలేదు. డెసిమల్(12,2) అయితే దాదాపు వెయ్యి కోట్ల దాకా వస్తుంది. రియల్ ఎస్టేట్, బ్యాంకింగ్ లాంటివైతే (18,2) పెట్టుకోండి, ఖర్చయ్యే బైట్లు లెక్కలోకి రావు.

మైఎస్‌క్యూఎల్‌లో బ్రాకెట్లు లేకుండా ఊరికే డెసిమల్ అని రాస్తే అది (10,0) అవుతుంది, అంటే పైసలకి చోటే ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో బ్రాకెట్లు లేని న్యూమెరిక్ (డెసిమల్‌కి అక్కడి పేరు) దీనికి పూర్తిగా ఉల్టా, ఎన్ని దశాంశాలు పంపితే అన్నీ దాచుకుంటుంది. రెండింటిలోనూ ఇంకో గుణం ఉంది, చాలామందికి తెలియదు. (12,2) కాలమ్‌లోకి 10.005 పంపితే ఎర్రర్ రాదు, చడీచప్పుడు లేకుండా 10.01 చేసి దాచేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ పెట్టినా ఒక చిన్న నోట్ వస్తుంది తప్ప ఆపదు. అంటే మీ కోడ్‌లో ఎవరో రౌండ్ చేయడం మర్చిపోతే ఆ తప్పుని డేటాబేస్ కప్పిపుచ్చుతుంది. మీకు తెలియకుండా రౌండింగ్ జరగకూడదనుకుంటే పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్‌ని ఉత్త న్యూమెరిక్‌గా పెట్టి, "అమౌంట్ = రౌండ్(అమౌంట్, 2)" అని చెక్ కన్‌స్ట్రెయింట్ (షరతు తప్పిన వరసని లోపలికి రానివ్వని నియమం) తగిలించండి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే కాలమ్‌ని (14,4) చేసి అదే చెక్ పెట్టండి. 8.0.16 వెర్షన్ కంటే ముందువాటిలో చెక్ రాసినా అది పట్టించుకోదు, వెర్షన్ చూసుకోండి. ఇలా చేస్తే అర పైసతో వచ్చిన మొత్తం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, దాన్ని పంపిన కోడ్ ఎవరిదో ఆ రోజే తెలుస్తుంది.

పైసల దారి అంటే రూ. 499.99 ని 49999 అని పూర్ణాంకంగా దాచడం. రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లోనే అడుగుతాయి, ఐదు వందలు కట్టించాలంటే 50000 పంపాలి, కాబట్టి పేమెంట్స్ వాళ్లకి ఈ దారి అలవాటే. మూడు జాగ్రత్తలు. మామూలు ఇంట్ వాడొద్దు, బిగ్ఇంట్ వాడండి. ఇంట్ పరిమితి 2147483647, పైసల్లో లెక్కేస్తే 2 కోట్ల 14 లక్షల చిల్లర, గచ్చిబౌలి వైపు ఒక మంచి ఫ్లాట్ కొంటే అయిపోతుంది. కాలమ్ పేరులోనే పైసలని ఉండాలి, లేదంటే రిపోర్ట్ రాసే కొత్త కుర్రాడు దాన్ని రూపాయలనుకుని వంద రెట్లు చూపిస్తాడు. మూడోది భాగహారం. పోస్ట్‌గ్రెస్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే మిగిలింది కత్తిరించేస్తుంది, 5 ని 2 తో భాగిస్తే 2 అంటుంది. రౌండ్ అయిందనుకుంటారు, నిజానికి తెగ్గొట్టింది.

ఫోన్‌లోనే ఉండే చిన్న డేటాబేస్ ఎస్‌క్యూలైట్ వాడే మొబైల్ యాప్‌లకి పైసల దారి ఒక్కటే శరణ్యం. అందులో డెసిమల్(10,2) అని రాస్తే నోరెత్తకుండా ఒప్పుకుంటుంది, పైసలున్న మొత్తాన్ని లోపల మాత్రం డబుల్‌గానే దాస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లోని మనీ టైపు జోలికి పోకండి, అది సర్వర్ లొకేల్ (దేశం, భాష) సెట్టింగ్‌ని బట్టి నడుస్తుంది.

నన్నడిగితే మనుషులు నేరుగా రిపోర్టులు తీసుకునే బిల్లింగ్, జీఎస్‌టీ పనులకి డెసిమల్. వాలెట్, లెడ్జర్ లాంటి వాటికి పైసలు.

ఒక పక్క మాట. మన ఊళ్లో గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్లు బోలెడు, రెమిటెన్స్ యాప్ రాసేవాళ్లు రెండు దశాంశాలు చాలనుకుంటే కువైట్ దినార్ దగ్గర దెబ్బతింటారు. దినార్‌కి వెయ్యి ఫిల్స్, అంటే మూడు దశాంశాలు. జపాన్ యెన్‌కి అసలు దశాంశాలే లేవు. మొత్తం పక్కనే కరెన్సీ కోడ్‌కి ఒక కాలమ్ ఉంచండి, మారకపు రేటుకి ఇంకా ఎక్కువ దశాంశాలతో వేరే కాలమ్ పెట్టండి.

3. రేట్లు, తూకాలు డబ్బు కావు, వాటికి వేరే కొలత

రెండు దశాంశాల అలవాటుతో పన్ను శాతాన్ని కూడా (5,2) పెట్టేస్తారు. బంగారం మీద జీఎస్‌టీ 3 శాతం, కేంద్రానికి (సీజీఎస్‌టీ) సగం, రాష్ట్రానికి (ఎస్‌జీఎస్‌టీ) సగం చేస్తే 1.5, ఇబ్బంది లేదు. చెక్కని వజ్రాల మీద 0.25 శాతం, దాన్ని సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీగా సగం చేస్తే 0.125. రెండు దశాంశాల కాలమ్ దాన్ని 0.13 చేసేస్తుంది. శాతాలకి మూడు నాలుగు దశాంశాలు ఇవ్వండి. తూకానికి మూడు, గ్రాములైనా కిలోలైనా.

4. ఎక్కడ రౌండ్ చేయాలో రాసిపెట్టుకోండి

నేను పాటించే సూత్రం ఒక్కటే: బిల్లు మీద అచ్చయ్యే అంకె దగ్గర రౌండ్ చేయాలి, అచ్చు కాని అంకె దగ్గర చేయకూడదు, ఆ తర్వాతి లెక్క అచ్చయిన అంకెతోనే మొదలవ్వాలి. బిల్లు చేతిలో పట్టుకుని ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసిన కస్టమర్‌కి మీ అంకెలే రావాలి, అంతే.

బంగారం షాపు బిల్లు తీసుకుందాం. గ్రాము రూ. 9,215.50 అనుకోండి, తూకం 8.765 గ్రాములు. గుణిస్తే 80,773.8575. బిల్లు మీద పడేది 80,773.86, కాబట్టి ఇక్కడ రౌండ్ చేసి, పన్ను ఈ 80,773.86 మీదే వేయాలి. తరుగు, మజూరీ విడిగా చూపిస్తే వాటి దగ్గరా ఇంతే. చూపించకుండా ధరలో కలిపేస్తే మాత్రం మధ్యలో రౌండ్ చేయకుండా మొత్తం గుణించాక ఒక్కసారి చేయండి. భాగించాల్సి వస్తే ముందు గుణకారాలన్నీ అయ్యాకే భాగించండి, మైఎస్‌క్యూఎల్‌లో భాగహారం ఫలితానికి మామూలుగా నాలుగు దశాంశాలే అదనంగా ఇస్తుంది, ముందే భాగిస్తే అక్కడే కొంత పోతుంది.

ఇప్పుడు వరసకి వరస పన్ను వేయాలా, మొత్తం మీద వేయాలా అన్న గొడవ. ఇరానీ కేఫ్ బిల్లులో నాలుగు వరసలు ఉన్నాయి, రూ. 25, 45, 65, 85. సీజీఎస్‌టీ 2.5 శాతం. వరసగా లెక్కేస్తే 0.625, 1.125, 1.625, 2.125 వస్తాయి, రౌండ్ చేస్తే 0.63, 1.13, 1.63, 2.13, కలిపితే 5.52. మొత్తం 220 మీద ఒకేసారి వేస్తే 5.50. రెండు పైసలు తేడా, ఎస్‌జీఎస్‌టీ కూడా కలిపితే నాలుగు. రెండు పద్ధతులకీ సమర్థన ఉంది. బిల్లులో ప్రతి వరస పక్కన పన్ను చూపిస్తే వరసల లెక్కే నిజం, చూపించకపోతే మొత్తం మీద లెక్క. మీ క్లయింట్ సీఏని అడిగి ఒకటి తేల్చుకోండి. బిల్లు స్క్రీన్ ఒక పద్ధతిలో, నెలాఖరు రిపోర్ట్ ఇంకో పద్ధతిలో లెక్కేయడమే అన్ని ఫోన్ కాల్స్‌కీ మూలం.

సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ దగ్గర ఇంకో ఉచ్చు. రూ. 139 మీద 5 శాతం అంటే 6.95. దాన్ని సగం చేస్తే 3.475, రౌండ్ చేస్తే చెరొక 3.48, కలిపితే 6.96. మొత్తం పన్ను 6.95 అని ఒకచోట, 6.96 అని ఇంకోచోట కనిపిస్తుంది. ముందు మొత్తం పన్ను లెక్కేసి సగం చేయకండి. రెండూ విడివిడిగా 2.5 శాతంతో లెక్కేసి, రౌండ్ చేసి, వాటిని కూడితే వచ్చేదే మొత్తం పన్ను.

5. సగం వస్తే పైకా, కిందకా

సరిగ్గా సగం వచ్చినప్పుడు ఏం చేయాలన్నదాని మీద సాఫ్ట్‌వేర్లన్నీ ఒక మాట మీద లేవు. మైఎస్‌క్యూఎల్ డెసిమల్, పోస్ట్‌గ్రెస్ న్యూమెరిక్ సగాన్ని సున్నాకి దూరంగా జరుపుతాయి, 2.5 ని 3 చేస్తాయి, మైనస్ 2.5 ని మైనస్ 3 చేస్తాయి. పైథాన్‌లో రౌండ్(2.5) అంటే 2, అది దగ్గరి సరి సంఖ్య వైపు వెళ్తుంది. సీషార్ప్‌లో మ్యాథ్ రౌండ్ కూడా అంతే. జావాస్క్రిప్ట్ 2.5 ని 3 చేస్తుంది గానీ మైనస్ 2.5 ని మైనస్ 2 చేస్తుంది. అంటే బిల్లు సరిపోతుంది, అదే బిల్లుకి రీఫండ్ ఇస్తే పైస తేడా.

సరి సంఖ్య వైపు వెళ్లే పద్ధతిని బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు, పైకి కిందకి సమానంగా పోయి లక్షల లావాదేవీల్లో పక్షపాతం ఉండదని దానికి పేరు. మంచిదే, అన్నిచోట్లా కాదు. పైన ఇరానీ కేఫ్ బిల్లుని ఆ పద్ధతిలో చేసి చూడండి. 0.62, 1.12, 1.62, 2.12, కలిపితే 5.48. ఇప్పుడు రెండు పైసలు తక్కువైంది. వడ్డీ లెక్కల్లాంటి చోట అది నప్పుతుంది. బిల్లుల విషయంలో మన చట్టం ధోరణి వేరే, సీజీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరించేటప్పుడు 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి పెంచాలి, తక్కువైతే వదిలేయాలి. కస్టమర్‌కీ బళ్లో నేర్పిన పద్ధతి అదే. బిల్లింగ్‌లో సగం పైకే పోనివ్వండి.

ఏది ఎంచుకున్నా కోడ్‌లో పేరు పెట్టి రాయండి, డిఫాల్ట్ మీద వదలొద్దు. జావాలో బిగ్‌డెసిమల్‌కి హాఫ్ అప్ అని చెప్పండి. పైథాన్‌లో డెసిమల్ మాడ్యూల్‌కి రౌండ్ హాఫ్ అప్ అని చెప్పండి. ప్రాజెక్ట్ మొత్తానికి రౌండ్ చేసే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. అది కాకుండా ఇంకెక్కడైనా రౌండ్ అని కనిపిస్తే కోడ్ రివ్యూలో వెనక్కి పంపండి.

6. పంచేటప్పుడు మిగిలిన పైసని గాలికి వదలకండి

వెయ్యి రూపాయల బిర్యానీ బిల్లు ముగ్గురికి పంచితే తలా 333.33, కూడితే 999.99. ఒక పైస ఏమైంది? మూడు వస్తువుల మీద సమానంగా 50 రూపాయల డిస్కౌంట్ పంచి రౌండ్ చేస్తే 16.67 చొప్పున 50.01, ఇప్పుడు పైస ఎక్కువైంది. పంపకాల్లో రౌండ్ ఫంక్షన్ వాడకండి. ముందు అందరికీ కిందకి తెగ్గొట్టి ఇవ్వండి, 16.66 చొప్పున 49.98. మిగిలిన రెండు పైసల్ని ఒక్కో వరసకి ఒక్కోటి పంచండి, 16.67, 16.67, 16.66. భాగాలు సమానంగా లేకపోతే తెగ్గొట్టినప్పుడు ఎవరికి ఎక్కువ పోయిందో వాళ్లకి ముందు ఇవ్వండి. సమానమైతే వరస నంబర్ ప్రకారం ఇవ్వండి, లేకపోతే అదే లెక్క రేపు మళ్లీ నడిపితే వేరే ఫలితం వస్తుంది. ఈఎంఐ అయితే ఆఖరి వాయిదాలో సర్దేస్తారు, అదీ సరైనదే.

7. ఫలితాన్ని దాచండి, మళ్లీ లెక్కేయకండి

ధర, శాతం దాచుకున్నాం కదా, పన్ను ఎప్పుడు కావాలంటే అప్పుడు లెక్కేసుకోవచ్చు అనుకోకండి. రేపు పన్ను రేటు మారుతుంది, ఎల్లుండి ఎవరో లైబ్రరీ మారుస్తారు, పాత బిల్లు మళ్లీ ప్రింట్ చేస్తే కొత్త అంకె వస్తుంది. బిల్లు మీద పడిన ప్రతి అంకెకీ ఒక కాలమ్ ఉండాలి. చివర్లో రూపాయికి సరిచేస్తే ఆ తేడా "రౌండ్ ఆఫ్" అని విడిగా ఉండాలి, ప్లస్ అయినా మైనస్ అయినా. ట్యాలీ వాడే ఏ అకౌంటెంటైనా ఆ లెడ్జర్ కోసమే చూస్తాడు. ఆపైన చెక్ కన్‌స్ట్రెయింట్ ఒకటి: విలువ, రెండు పన్నులు, రౌండ్ ఆఫ్ కలిపితే గ్రాండ్ టోటల్ అవ్వాలి. తప్పు బిల్లు టేబుల్‌లోకి ఎక్కనే ఎక్కదు.

రీఫండ్‌కి పన్ను మళ్లీ లెక్కేయొద్దు, దాచిన అంకెల గుర్తు మార్చి వాడండి. విడతలుగా రీఫండ్ ఇస్తుంటే చివరి విడతకి మిగిలింది మొత్తం ఇచ్చేయండి.

8. దారి పొడుగునా కాపలా

డేటాబేస్‌లో డెసిమల్ పెట్టి నిశ్చింతగా ఉంటారు, మధ్యలో తిలా పాపం తలా పిడికెడు పంచుకుంటారు. నోడ్‌లో (సర్వర్ మీద నడిచే జావాస్క్రిప్ట్) మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డ్రైవర్లు డెసిమల్‌ని స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా ఇస్తాయి, కావాలనే అలా ఇస్తాయి. "ఇదేంటి స్ట్రింగ్ వచ్చింది" అని మన వాళ్లు వెంటనే పార్స్‌ఫ్లోట్ కొట్టి దాన్ని మళ్లీ డబుల్ చేసేస్తారు, పడ్డ కష్టమంతా మూసీలో కలిసినట్టే. స్ట్రింగ్‌ని డెసిమల్ లైబ్రరీకి ఇవ్వండి. ఏపీఐలో జేసన్ పంపేటప్పుడు కూడా స్ట్రింగ్‌గానో, పైసల పూర్ణాంకంగానో పంపండి. జావాలో బిగ్‌డెసిమల్‌కి 0.1 ని డబుల్‌గా ఇస్తే లోపల ఉన్న చెత్తంతా బయటికొస్తుంది, కోట్స్‌లో పెట్టి ఇవ్వండి. ఈక్వల్స్ వాడితే 2.0, 2.00 వేరని చెప్తుంది, కంపేర్‌టు వాడండి.

టెస్టుల్లో 100, 500 లాంటి గుండు అంకెలు పెడితే ఏమీ బయటపడదు. 1.005, 2.675, మైనస్ 2.5, మూడుకి పంచే వెయ్యి, కోకాపేట సైజు మొత్తం ఒకటి, ఇవి పెట్టండి.

9. పాత ఫ్లోట్ కాలమ్‌ని మార్చడం

నడుస్తున్న సిస్టమ్‌లో కాలమ్ టైపుని నేరుగా మార్చేయకండి. పక్కనే కొత్త డెసిమల్ కాలమ్ పెట్టి, పాతదాన్ని రెండు దశాంశాలకి రౌండ్ చేసి కాపీ చేయండి. తర్వాత పాత విలువకీ కొత్త విలువకీ తేడా 0.0001 దాటిన వరసలన్నీ బయటికి తీయండి. పాత కాలమ్ డబుల్ అయితే, మొత్తాలు మరీ పెద్దవి కాకపోతే, ఆ జాబితాలో వచ్చేవి ఎప్పుడో రౌండ్ చేయకుండా దాచినవే. కంటితో చూసి ఒక్కోటి తేల్చాలి, అడ్డదారి లేదు. పాత కాలమ్ ఫ్లోట్ అయితే ఈ తేడాని నమ్మకండి, పెద్ద మొత్తాల్లో పైసలు ఎప్పుడో పోయాయి, వాటిని గేట్‌వే రిపోర్టులోంచో బిల్లు పీడీఎఫ్‌లోంచో తెచ్చుకోవాలి. రోజువారీ మొత్తాలు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి అకౌంట్స్ వాళ్లకి చూపించండి, తేడా ఉన్న రోజులకి వాళ్లే రౌండ్ ఆఫ్ లెడ్జర్‌లో ఒక ఎంట్రీ వేస్తారు. యాప్ రెండు కాలమ్స్‌లోనూ రాస్తూ ఒక నెల క్లోజింగ్ దాటనివ్వండి, అప్పుడు పాతది డ్రాప్ చేయండి.